ఆఖరి బంతి లెక్క

మొన్న మా పెద్దత్తయ్య పన్నెండో రోజు భోజనాలకు ద్రాక్షారామం దగ్గర ఉన్న వాళ్ల ఊరు వెళ్లాను. లోపల పురోహితుల మంత్రాలు పూర్తి కావస్తూండగా, పెరటి వసారాలో కంద బచ్చలి కూరను పొయ్యి మీద నుంచి దించి ఆవ కలుపుతున్న ఘాటు ఇల్లంతా వ్యాపించింది. పచ్చిమిరపకాయలు, ఉప్పు, పసుపు వేసి నూరిన ఆవముద్ద కూరలో కలిసేటప్పుడు వచ్చే ఆ వాసన నాకు తెలిసినంత వరకు పెద్దత్తయ్యదే. మా ఇళ్లల్లో ఏ పెళ్లి జరిగినా వంటశాలలో ఆవ కలిపే పనిని ఆవిడ మరొకరి చేతికి ఇచ్చేవారు కాదు. కూర దించి, సెగ కాస్త తగ్గిన తర్వాతే కలపాలనీ, పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుందనీ, గుండిగెడు కూర పాడైతే ఆ భోజనాల బంతికి మరో కూర ఎక్కడి నుంచి తెస్తామనీ ఆవిడ అనేవారు.

ఆవిడ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అయినా రెండు మూడు వందల మందికి మూడు పూటల భోజనం ఎంత ఖర్చుతో, ఎవరి చేత, ఏ పాత్రల్లో వండించాలో కాగితం చూడకుండా చెప్పగలిగేవారు. పెళ్లి కుదిరిందని కార్డు ముక్క అందగానే కోటిపల్లి రేవులో పడవ ఎక్కి, ముక్తేశ్వరంలో దిగి, అక్కడి నుంచి జట్కాలోనో బస్సులోనో మా ఊరు చేరుకునేవారు. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టిన క్షణం నుంచి మా ఇంట్లో పెళ్లి పనులు మొదలైనట్టే.

పలక మీద పేర్లు

నాకు బాగా గుర్తున్న మొదటి పెళ్లి మా చిన్నత్తయ్యది. తాతగారు అప్పటికే లేరు. నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఎకరంన్నర కొబ్బరితోట, ఆ తోట మీద తీరని పాత బాకీ, ఇవే ఆయన ఆస్తి. మగపెళ్లివారు మంచివారు. లాంఛనాల దగ్గర పట్టు పట్టలేదు కానీ, తమ ఊరి నుంచి తరలివచ్చేవారికి భోజనాల్లో లోటు రాకూడదని మాత్రం గట్టిగా చెప్పి వెళ్లారు.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని నాన్నగారు, "అక్కయ్యా, ఇంకో అప్పు చెయ్యకుండా ఈ భోజనాలు ఎలా గట్టెక్కుతాయో నువ్వే చెప్పాలి" అన్నారు. "డబ్బు సంగతి తర్వాత చూద్దాంలేరా తమ్ముడూ, ముందు మనుషుల్ని లెక్క పెట్టనీ" అని ఆవిడ నా పలక, బలపం తీసుకున్నారు.

ఆవిడ మొదట రాసినవి మగపెళ్లివారి పేర్లు కావు, మా దగ్గర బంధువుల పేర్లూ కావు. పందిరి వేసే వారు ఎంతమంది, సన్నాయి మేళం వారు ఎంతమంది, బళ్లు తోలుకొచ్చేవారు, అంట్లు తోమేవారు, నీళ్లు మోసేవారు, వంటవారు, వడ్డించే కుర్రవాళ్లు, చివరికి ఇంటి ఆడవాళ్లు, వీళ్లందరినీ పలక పై భాగాన రాసుకున్నారు. ఆ తర్వాతే విడిదిలో దిగేవారు, మూడు రోజులు ఉండిపోయే చుట్టాలు, ఒక్క పూటకు వచ్చే ఊరివారు వరుసగా దిగువకు చేరారు. ఊరి పిలుపుల్లో కూడా రెండు రకాలు ఉండేవి. కొన్ని ఇళ్లకు ఇంటిల్లిపాదినీ రమ్మని బొట్టు పెట్టి చెప్పేవారు, కొన్ని ఇళ్లకు ఇంటికి ఒకరు చొప్పున పిలుపు వెళ్లేది. ఏ ఇంటిది ఏ పిలుపో ఆవిడకు కంఠతా వచ్చు.

పైన రాసినవారంతా ఆఖరి బంతిలో కూర్చునేవారు. బంతి భోజనాలు చూడని పిల్లలకు ఇది చెప్పాలి: నేల మీద చాపలు పరిచి, వరుసగా ఆకులు వేసి, ఒకేసారి కూర్చుని ఒకేసారి లేచే వరుసను బంతి అంటారు. మొదటి బంతి పెద్దలకు, మగపెళ్లివారికి. మూడో బంతికో నాలుగో బంతికో వచ్చేసరికి చాలా పెళ్లిళ్లలో బూరెలు ఒకటికి తగ్గిపోయేవి, కూర అడుగంటేది, పప్పులో నీళ్లు చేరేవి. పొద్దుటి నుంచి ఒళ్లు హూనం చేసుకున్న వాళ్లకు ఆ మిగిలిందే పెట్టేవారు. పెద్దత్తయ్య పథకమంతా ఈ అలవాటుకు ఎదురుగా నిలబడింది. తక్కువ ఖర్చుతో చెయ్యడమంటే వంటకాలు తగ్గించడమేనని, పనివాళ్ల పొట్ట కొట్టడం కాదని ఆవిడ నమ్మకం. ఆఖరి బంతికి ఏం పెట్టగలమో అదే మొదటి బంతికీ పెట్టాలి, అంతకు మించి ఒక్క వంటకం కూడా జాబితాలో చేరకూడదు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు దగ్గరివారితో కలిసి కూర్చునే బువ్వం బంతి వంటి ముచ్చట్లకు మాత్రం ఆవిడ ఈ నియమాన్ని సడలించేవారు.

ఎంతమందికి ఎంత

ఆవిడ వీసెల్లో, మానికల్లో చెబితే నాన్నగారు వాటిని కిలోల్లోకి మార్చి రాసేవారు. వీసె అంటే దాదాపు కిలో 400 గ్రాములనీ, రెండు తవ్వలైతే ఒక మానిక, నాలుగు మానికలైతే ఒక కుంచమనీ నేను ఆ అరుగు మీదే నేర్చుకున్నాను. పులిహోర, బూరెలు కూడా ఉండే విందుకు 100 మందికి 12 కిలోల బియ్యం, 3 కిలోల కందిపప్పు, కిలో నెయ్యి, 12 లీటర్ల పెరుగు, ఒక్కో కూరకు తరిగిన ముక్కలు 8, 9 కిలోలు అనేది ఆవిడ కొలత. తర్వాతి కాలంలో నేను ఎన్నో ఇళ్లలో ఈ కొలత వాడి చూశాను. పల్లెలో కాస్త తక్కువ పడవచ్చు, పట్నంలో కాస్త మిగలవచ్చు కానీ, దారి తప్పించలేదు.

బియ్యం కొత్తవైతే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ఏడాది దాటిన పాత బియ్యానికి ఒదుగు ఎక్కువ, అన్నం మెతుకు మెతుకు విడివిడిగా ఉంటుంది, వార్చడం తేలిక. కొత్త బియ్యం ముద్దయిపోతుంది, పైగా అదే కొలతకు తక్కువ మందికి వస్తుంది. అందుకని పెళ్లి మాఘమాసంలో అయినా అప్పుడే ఇంటికి వచ్చిన పంటను పక్కన పెట్టి, పోయినేటి ధాన్యం మర పట్టించేవారు. ఇంట్లో పాత ధాన్యం చాలకపోతే, ఉన్నవాళ్ల దగ్గర కొత్త ధాన్యమిచ్చి పాత ధాన్యం తెచ్చుకునేవారు.

మిఠాయి దగ్గర ఆవిడ ఆలోచన ఇంకా గట్టిది. అప్పట్లో పంచదారకు రెండు ధరలుండేవి. 1967 తర్వాత వచ్చిన ఆ పద్ధతిలో కార్డు మీద దొరికేది ఒక ధర, బజారులో కొనేది అంతకంటే బాగా ఎక్కువ ధర. మండలాలు రాకముందు, తాలూకాలున్న రోజులవి. శుభలేఖ జతచేసి తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టుకుని పెళ్లి పేరున కొంత పంచదార తెచ్చుకున్నా, అది విడిదికి పంపే కాఫీలకే సరిపోయేది. లడ్డూలు కావాలంటే బజారు ధర పెట్టాల్సిందే. "బెల్లానికి పర్మిట్టు అక్కర్లేదు కదురా, బూరెలు వండుదాం" అని పెద్దత్తయ్య తేల్చేశారు. పచ్చిశెనగపప్పు ఎంతో బెల్లం అంతే. పైపిండికి ఒకపాలు మినప్పప్పు, రెండుపాళ్లు బియ్యం. కిలో పప్పుకు కిలో బెల్లం వేస్తే డెబ్బై దాకా బూరెలు వస్తాయి. 200 మందికి మనిషికి రెండు చొప్పున వేసుకుని, చిట్లిపోయేవి, పిల్లలు మధ్యలో అడిగేవి కూడా చూసుకుని, 6 కిలోల పప్పు, 6 కిలోల బెల్లం అని ఆవిడ పలక మీద రాయడం నా కళ్ల ముందు ఉంది.

ఆ పెళ్లిలో వంటకాలు ఇవీ: ముద్దపప్పు, కంద బచ్చలి కూర, అరటికాయ వేపుడు, దప్పళం, పులిహోర, గారెలు, బూరెలు, ఆవకాయ, కొబ్బరి పచ్చడి, వడియాలు, పెరుగు. దప్పళం ఎందుకంటే, ఎవరింటి పెరట్లో ఏది కాస్తే అది, గుమ్మడి ముక్కో, సొరకాయో, ములక్కాడో, చిలగడదుంపో, అన్నీ అందులో ఒదిగిపోతాయి. ఒకే కాయను పెద్ద మొత్తంలో కొనవలసిన వంటకానికి ఎప్పుడూ ఖర్చు ఎక్కువ. రకరకాల కాయలు కొద్దికొద్దిగా కలిసే వంటకానికి ఖర్చు తక్కువ, రుచి ఎక్కువ. నేను ఇప్పటికీ దప్పళాన్ని మించిన పెళ్లి వంటకం లేదనే అంటాను.

ఇరవై ఇళ్ల పెరుగు

కొనకుండా వచ్చేవి ఎన్ని ఉన్నాయో పిల్లలకు చెబితే ఇప్పుడు నమ్మరు. కొబ్బరికాయలు మా తోటవే. అరటికాయలు, భోజనాలకు అరటాకులు మా బాబాయి తోట నుంచి వచ్చేవి. కంద దుంపలు మేనమామ చేలో తవ్వి పంపేవారు. గుమ్మడికాయలు ఎదురింటి పాక మీద పాకిన తీగవి. ఆవకాయ ముందటి వేసవిలోనే రెండు జాడీలు అదనంగా పెట్టి, ఒకదాని మూతకు గుడ్డ కట్టి "పెళ్లి జాడీ" అని అటక మీద దాచేవారు. గుమ్మడి వడియాలు, అప్పడాలు కూడా ఆ ఎండల్లోనే తయారై డబ్బాల్లోకి చేరేవి. మినప్పిండిని రోట్లో దంచి, నూనె చేతులతో సాగదీసి, ఒక్కొక్క అప్పడాన్ని ఒత్తుతూ ఆడవాళ్లు చెప్పుకునే కబుర్లలో సగం సంబంధాలు కుదిరిపోయేవి.

పెరుగు ఏర్పాటు మాత్రం పెద్దత్తయ్య సొంత తెలివి. పెళ్లి ముందురోజు సాయంత్రం పాడి ఉన్న ఇరవై ఇళ్లకు తోమి ఆరబెట్టిన గిన్నెలు పంపేవారు. ప్రతి గిన్నెతోపాటు మా ఇంటి తోడు కూడా చిన్న గ్లాసులో వెళ్లేది. ఎవరి తోడు వాళ్లు వేస్తే ఒకరి పెరుగు తియ్యగా, ఒకరిది పుల్లగా ఉంటుంది. ఒకే తోడు, ఒకే వేళకు వేస్తే మర్నాడు మధ్యాహ్నానికి ఇరవై గిన్నెలూ ఒకే రుచిలో ఉంటాయి. ఆ గిన్నెలు మోసుకెళ్లి, ఎవరింటికి ఎంత వేళకు చేరిందో వచ్చి చెప్పే పని నాకూ, మా పిన్ని కొడుకుకూ అప్పగించేవారు. ప్రతి ఇంటి గిన్నె అడుగునా చిన్న సుత్తితో కొట్టించిన పొడి అక్షరాలు ఉండేవి. వాటిని వేలితో తడిమి ఏ గిన్నె ఎవరిదో చెప్పడం మాకు ఆట.

ఇలా వచ్చిన ప్రతిదీ నాన్నగారు ఒక పాత కాపీ పుస్తకంలో రాసేవారు. ఫలానా వారు రెండు గంపల వంకాయలు, ఫలానా వారు ఐదు సేర్ల పాలు. వాళ్లింట్లో శుభకార్యం జరిగినప్పుడు మా ఇంటి నుంచి అంతకు తగ్గకుండా వెళ్లేది. దాన్ని ఎవరూ దానమనీ, అప్పు అనీ అనుకోలేదు. ఊళ్లో ఒక పెళ్లి ఖర్చును అందరూ తలా కాస్త మోసి, తమ వంతు వచ్చినప్పుడు అదే సాయాన్ని తిరిగి అందుకునేవారు. పేద ఉపాధ్యాయుడి చెల్లెలి పెళ్లిలో కూడా నిండు విస్తరి పడిందంటే కారణం ఇదే.

గాడిపొయ్యి

మంచిరోజు చూసి పసుపు దంచడంతో పనులు మొదలయ్యేవి. ముత్తైదువలు ఇద్దరిద్దరుగా ఒకే రోట్లో వంతులవారీగా రోకళ్లు వేస్తుంటే వచ్చే ఆ దంపుడు చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. అది విన్నవారు పిలవకుండానే కాసేపు సాయం చేసి వెళ్లేవారు. ఆ మర్నాటి నుంచి రుబ్బురోలు పొత్రం తిరిగే గరగర చప్పుడు, తిరగలి ఘరఘర, చేటల్లో బియ్యం చెరుగుతున్న సవ్వడి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆగేవి కావు.

పెళ్లికి ముందురోజు పెరట్లో గాడిపొయ్యి తవ్వేవారు. గాలి వాలు చూసి, ఒక మూర లోతున పొడవుగా కాలువలా తవ్వి, పైన గుండిగలు వరుసగా కూర్చునేలా అంచులు సరిచేసేవారు. ఒక చివర మంట పెడితే ఆ సెగ గాడి పొడవునా సాగి నాలుగు పాత్రలకూ అందుతుంది. కట్టెల ఖర్చు బాగా తగ్గుతుంది. మా తోటలో రాలిన కొబ్బరి మట్టలు, డొక్కలు ఏడాది పొడవునా పోగుచేసి ఉంచేవారు. నిలకడైన మంట కావలసిన వాటికి మాత్రమే సరుగుడు కట్టెలు కొనేవారు. గుండిగలు, గంగాళాలు కొన్ని గుడివి, కొన్ని పెద్దిళ్లవి. వాడుకుని, చింతపండు పెట్టి తళతళలాడేలా తోమించి తిరిగి పంపడం మర్యాద.

కూలికి పిలిచే వంటాయన ఒక్కరే, ఆయనకు సాయం ఒక కుర్రవాడు. మిగిలినవన్నీ ఇంటివాళ్లే. కూరలు తరగడానికి ఊళ్లో ఆడవాళ్లు ఎవరి కత్తిపీట వాళ్లు తెచ్చుకునేవారు. ముందురోజు రాత్రి పెట్రోమాక్సు లైటు వెలుతురులో పది పన్నెండు కత్తిపీటలు గుండ్రంగా చేరి ఒకేసారి కాయలు తరుగుతుంటే, ఆ చప్పుడు వింటూ మేము అక్కడే గోనెపట్టాల మీద నిద్రపోయేవాళ్లం.

నూనె దగ్గర పెద్దత్తయ్య పట్టింపు వంటాయనకు మొదట్లో నచ్చేది కాదు. ఆయన వెడల్పాటి మూకుడు పెట్టి మరో డబ్బా నూనె కావాలంటే, ఆవిడ లోతైన చిన్న బాండీ తెప్పించి, రెండు పొయ్యిల మీద వేయించమనేవారు. వెడల్పు మూకుట్లో చివరికి మిగిలిపోయే నూనే అసలు నష్టమని ఆవిడ వాదన. వేయించే వరుస కూడా ఆవిడే చెప్పేవారు: ముందు అప్పడాలు, వడియాలు, తర్వాత గారెలు, అన్నిటికన్నా చివర బూరెలు. బూరె ఒక్కటి చిట్లినా పూర్ణం నూనెలో పడి మాడి, ఆ తర్వాత వేసిన ప్రతిదానికీ నలుపు అంటుకుంటుంది. రెండు పెళ్లిళ్లు అయ్యాక ఆ వంటాయనే మరోచోట, "ఫలానా అమ్మగారి పద్ధతి" అని ఇదే వరుస చెప్పారట. ఆ మాట విన్న రోజు ఆవిడ ఎంత సంతోషించారో మాటల్లో చెప్పలేను.

అన్నం వార్చడం చూడవలసిన దృశ్యం. ఇద్దరు గట్టి మనుషులు గుండిగ చెవుల్లో కర్ర దూర్చి ఎత్తి, గంజి కాలువలోకి వంచేవారు. ఆ గంజి పశువుల కుడితిలోకి వెళ్లేది. కొత్త చాపల మీద ఉతికిన పంచెలు పరిచి అన్నం రాశిగా పోసి, ఆవిరి పోకుండా పైన మరో పంచె కప్పేవారు. తెల్లని ఆ రాశి చుట్టూ చెప్పులతో ఎవరూ నడిచేవారు కాదు.

వడ్డన

ఖర్చు వంటలో కంటే వడ్డనలోనే ఎక్కువ పోతుందని పెద్దత్తయ్య తరచు అనేవారు. అందుకని వడ్డించే కుర్రవాళ్లందరినీ ముందురోజు కూర్చోబెట్టి, ఎవరి చేతికి ఏ గరిటె ఇవ్వాలో చెప్పేవారు. పప్పుకు పెద్ద గరిటె, నెయ్యి ధారాళంగా, కూరలకు చిన్న గరిటె, పులిహోర పిడికెడు. కానీ ప్రతి వంటకమూ మారు అడగాలి, ఒకసారి కాదు, మూడుసార్లు అడగాలి. "మారు కూర, మారు దప్పళం, బూరె బాబూ బూరె" అంటూ కుర్రవాళ్లు వరుస వెంట తిరుగుతుంటే తినేవాడికి తనను అడిగి పెట్టారన్న తృప్తి ఉంటుంది. ఆకులో వృథాగా మిగలదు. ఒకేసారి కుప్పగా వడ్డించి మళ్లీ అటు చూడని వడ్డనలో పదార్థం రెట్టింపు ఖర్చవుతుంది, మర్యాద సగానికి పడిపోతుంది. ఈ మాట నేటి విందులకు కూడా అక్షరాలా వర్తిస్తుందని నా అభిప్రాయం.

మొదటి బంతి లేవగానే ఆవిడ వెళ్లి ఎత్తబోయే ఆకులు చూసేవారు. వేపుడు ఎక్కువ మందికి మిగిలితే రెండో బంతికి తక్కువ వడ్డించమనేవారు. దప్పళం తుడిచినట్టు తినేస్తే మరో బిందెడు కాయమని కబురు పంపేవారు. మొదటి బంతికి ముందే మరో పని చేసేవారు. ఆఖరి బంతికి కావలసిన బూరెలు, గారెలు, కూర, నెయ్యి వేరే గిన్నెల్లోకి తీయించి, దేవుడి గదిలో పెట్టి తలుపు మూసేవారు. తాళంచెవి ఆవిడ కొంగున ఉండేది.

చిన్నత్తయ్య పెళ్లిలో మూడో బంతికి అనుకోకుండా ముప్పై మంది దాకా వచ్చిపడ్డారు. మగపెళ్లివారి పక్క ఊరి వాళ్లు, పడవ ఆలస్యమై అప్పుడే చేరారు. వంటాయన దేవుడి గది వైపు చూశాడు. నాన్నగారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పెద్దత్తయ్య మాత్రం పెరట్లో చెట్టున ఉన్న నిమ్మకాయలు కోయించి, మిగిలిన అన్నంలో ఒక భాగం అప్పటికప్పుడు నిమ్మకాయ పులిహోర చేయించారు; పొయ్యి మీద మిరియాల చారు పడింది; పక్కింటి నుంచి మరో రెండు గిన్నెల పెరుగు, అటక మీది పెళ్లి జాడీ కిందికి వచ్చాయి. ముప్పై మందీ కడుపునిండా తిని, చారు బాగుందని మెచ్చుకుని లేచారు. ఆ తర్వాత దేవుడి గది తలుపు తెరిచారు. మేళం వారికి, బళ్లవారికి, అంట్లు తోమినవారికి తలా రెండు బూరెలు, గారెలు, నిండుగా నెయ్యి పడ్డాయి. డోలు వాయించే పెద్దాయన, "అమ్మా, ఈ సంవత్సరంలో మేము మొదటి బంతిలో కూర్చున్న పెళ్లి ఇదే" అన్నాడు. ఆ బంతిలోనే చివర ఆకు వేసుకుని పెద్దత్తయ్య కూడా భోంచేశారు.

చిక్కడపల్లి మేడ మీద

నాకు ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాక మా తమ్ముడు కూడా అక్కడికే వచ్చాడు. వాడి పెళ్లి అత్తవారి ఊళ్లో జరిగింది. స్నేహితుల కోసం, ఆఫీసు వారి కోసం హైదరాబాదులో రిసెప్షన్ పెట్టవలసి వచ్చింది. నాన్నగారు అప్పటికి పదవీ విరమణ చేశారు. హోటలు వాళ్ల ధర విని వెనక్కి వచ్చేశాం. చిక్కడపల్లిలో మేము అద్దెకుంటున్న ఇంటి మేడ మీద షామియానా వేయించి, 200 మందికి ఇంట్లోనే వండాలనుకున్నాం. పెద్దత్తయ్యకు ఉత్తరం రాశాను.

ఆవిడ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రెండు గోనెసంచుల అరటికాయలు, కొబ్బరికాయలు, ఒక ఆవకాయ జాడీతో దిగారు. ఇల్లంతా తిరిగి చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడ నీళ్లు ఎప్పుడొస్తాయి?" రోజు విడిచి రోజు తెల్లవారుజామున వస్తాయన్నాను. అయితే అద్దె స్టీలు కంచాలు వద్దు, వాటిని కడిగే నీళ్లు ఎక్కడివి, మోదుగ విస్తళ్లు తెప్పించమన్నారు. తెలంగాణలో మోదుగాకు విస్తళ్లకు కరువు లేదు. చవకగా కట్టలు కట్టలు దొరికాయి.

పల్లెటూరి పెళ్లి విందుకూ, పట్నపు రిసెప్షన్‌కూ ఉన్న తేడాను ఆవిడ ఒక్క పూటలో పట్టుకున్నారు. ఇక్కడ బంతి లేదు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వస్తారు, పది నిమిషాల్లో వెళ్లాలంటారు. నాలుగు గంటలు నిలవున్నా రుచి చెడనివి, చల్లారినా తినగలిగినవి మాత్రమే పెట్టాలి. తమ్ముడి స్నేహితులు పూరీలు కావాలన్నారు. పూరీ వత్తడానికి నలుగురు, వేయించడానికి ఇద్దరు, నాలుగు గంటలూ పొయ్యి దగ్గరే నిలబడాలి. చల్లారితే తోలులా సాగుతుంది. ఆవిడ కుదరదన్నారు, నేను ఆవిడ పక్షాన నిలబడ్డాను.

బూందీ లడ్డూ, ఆవడ, పులిహోర, దద్దోజనం, అల్లం పచ్చడి, చల్ల మిరపకాయలు, అరటికాయ చిప్సు, అరటిపండు, తాంబూలం: ఇదీ జాబితా. బేగంబజారులో శెనగపిండి, మినప్పప్పు, చింతపండు టోకున కొన్నాం; సికింద్రాబాదు మోండా మార్కెట్టులో అల్లం, కరివేపాకు, పచ్చిమిరప తెచ్చాం. లడ్డూలు రెండు రోజుల ముందే కట్టారు. 4 కిలోల శెనగపిండికి 7 కిలోల పంచదార పడితే 250కి పైగా వచ్చాయి. పులిహోర పులుసు, 10 కిలోల బియ్యానికి కిలోంబావు చింతపండుతో, ముందురోజే చిక్కగా ఉడికించి జాడీలో పోశారు. మధ్యాహ్నం అన్నం వార్చి, వెడల్పాటి పళ్లాల్లో పసుపు, నూనె చిలకరించి ఆరబెట్టి, సాయంత్రం నాలుగింటికి కలిపారు. కొబ్బరి పచ్చడి వద్దని ఆవిడే తీసేయించారు. పట్నపు ఉక్కలో పచ్చి కొబ్బరి రాత్రి దాకా ఆగదు. అల్లం, బెల్లం, చింతపండు పడిన పచ్చడికి ఆ భయం లేదు.

దద్దోజనం పులవకుండా ఉండడానికి ఆవిడ చేసిన పద్ధతి నాకు అప్పుడే తెలిసింది. మెత్తగా ఉడికిన అన్నాన్ని వేడిగా ఉండగానే చిదిపి, కిలో బియ్యానికి రెండు లీటర్ల లెక్కన కాచిన పాలు పోసి, చల్లారాక గరిటెడు తోడు మాత్రం కలిపారు. ఆ పాలు వచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తూ నెమ్మదిగా తోడుకున్నాయి. వడ్డించే ముందు కిలోకు లీటరు చొప్పున కమ్మని పెరుగు చేర్చి, అల్లం, మిరియాలు, కరివేపాకు తాలింపు పెట్టారు. రాత్రి పదింటికి వచ్చినవారికి కూడా అది తియ్యగానే ఉంది.

అన్నీ చల్లగా ఉంటే వచ్చినవాళ్లు నిలవ సరుకు అనుకుంటారని, ఒక్కటి మాత్రం వేడిగా ఉండాలని ఆవిడ చివర్లో ఒక కోరిక కోరారు. మేడ మూల కిరోసిన్ స్టవ్ పెట్టి, మా పిన్ని కొడుకులు ఇద్దరూ వంతులవారీగా మిరపకాయ బజ్జీలు వేశారు. మెట్లెక్కుతూండగానే బజ్జీల వాసన తగిలేది. అది చాలు, మిగిలినవన్నీ కూడా ఇప్పుడే వండినట్టు తోచేవి. ఆఫీసులో చాలాకాలం ఆ బజ్జీల గురించే చెప్పుకున్నారు.

షామియానా వేసినవారికి, వీధి దీపం తీగ లాగి లైట్లు పెట్టినతనికి, విస్తళ్లు ఎత్తిన ఇద్దరు అమ్మాయిలకు, కింద వాటాలో ఉండే ఇంటి యజమాని తల్లికి, వీళ్లందరి వంతు లడ్డూలు, ఆవడలు ఐదింటికే స్టీలు డబ్బాలో మంచం కింద చేరాయి. అక్కడ దేవుడి గది లేదు, దేవుడికి ఉన్నది ఒక అలమరే.

మళ్లీ మాఘంలో

ఆ మేడ మీద పెళ్లికొడుకుగా నిలబడిన తమ్ముడి కూతురికి వచ్చే మాఘంలో పెళ్లి. రిసెప్షన్‌కు 150 మంది. ఇంటి వంటే కావాలని ఆ అమ్మాయే పట్టు పట్టింది. "పెద్దత్తా, మామ్మ కొలతలు నీ దగ్గర ఉన్నాయా?" అని ఫోన్ చేసింది. పన్నెండో రోజు నుంచి తిరిగి వచ్చాక నేను ఒక పుస్తకం తీసి, గుర్తున్నవన్నీ రాయడం మొదలుపెట్టాను. ఈ జ్ఞాపకాలు కూడా అందులోంచి వచ్చినవే.

కొన్ని పాత పద్ధతులు ఇక కుదరవు. అపార్ట్‌మెంటులో గాడిపొయ్యి తవ్వలేం. ఇరవై ఇళ్లకు తోడు పంపే వీధి లేదు, పెరుగు డెయిరీ నుంచే రావాలి. కానీ కుదిరేవి చాలానే ఉన్నాయి. మా పెద్ద కోడలు ఇంట్లో పులిహోర పులుసు, మా మరదలి పుట్టింట్లో లడ్డూలు, నేను అల్లం పచ్చడి, వియ్యాలవారు అడిగి మరీ అరిసెలు తీసుకున్నారు. ఎవరి ఫ్రిజ్‌లో ఎంత చోటుందో కూడా రాసుకున్నాం. పుస్తకం మొదటి పేజీలో వాచ్‌మన్ కుటుంబం, లిఫ్టు దగ్గర ఉండే అబ్బాయి, హాలు ఊడ్చేవారు, ఫోటోలు తీసేవారు, కార్లు నడిపేవారు కలిపి 19 మంది తేలారు.

ఆవడలు మాత్రం ఇంకా తేలలేదు. పిండి గ్రైండర్లో రుబ్బుకోవచ్చు కానీ, 300 గారెలు వేయించడానికి ఎవరి వంటిల్లు అనుకూలమో ఒకరి మీద ఒకరు చెబుతున్నారు. ఆదివారం అందరూ మా ఇంటికి వస్తున్నారు. లోతైన బాండీ రెండు అటక మీద నుంచి దింపించి పెట్టాను.